డబ్బు కట్టి తెచ్చుకున్న ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో పనికొస్తుందా?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. నరసరావుపేట దగ్గర కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) మూడో సంవత్సరం అయిపోవస్తోంది, పోయిన వేసవిలో చేయాల్సిన ఇంటర్న్‌షిప్‌కి క్లాసులో అందరిలాగే 1,500 కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నావు, ఆగస్టు నుంచి క్యాంపస్ ఇంటర్వ్యూలు మొదలవుతాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కావాలి, కంపెనీల్లో తెలిసినవాళ్లు ఎవరూ లేరు, నాన్నగారిది ఊళ్లో ఎరువుల కొట్టు, ఇంటర్వ్యూ అనగానే ఇంగ్లీషు గుర్తొచ్చి గొంతు ఎండిపోతోంది. చేతిలో రెండు నెలలున్నాయి, ఏం చేయాలి అని. అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను. నేను హైదరాబాద్‌లో 14 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఎనిమిదేళ్ల నుంచి ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేస్తున్నాను, చదివింది పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే.

ముందు ఆ సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం, నీ టెన్షన్‌లో సగం అదే కాబట్టి. సిలబస్‌లోనే ఇంటర్న్‌షిప్ పెట్టి దానికి క్రెడిట్లు ఇస్తున్నప్పుడు, చుట్టుపక్కల అంతమంది పిల్లలకి చోటిచ్చే కంపెనీలు లేనప్పుడు, ఈ సర్టిఫికెట్ల వ్యాపారం పుట్టక మానదు. తప్పంతా నీదే అని నేను అనను. కానీ ఇంటర్వ్యూ బల్లకి ఇవతలి పక్క కూర్చున్నదాన్నిగా చెప్తున్నాను, ఆ కాగితం వల్ల నీకు మేలు జరగదు సరికదా కీడు జరిగే అవకాశమే ఎక్కువ. నీ రెజ్యూమేలో "మెషిన్ లెర్నింగ్ ఇంటర్న్, 8 వారాలు" అని కనబడితే నేను అడిగేది అదే. మొదటి రోజు ఏం చేశావు, డేటా ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ఏ తప్పులు కనిపించాయి, నీ పని ఎవరు చూశారు. నాలుగు ప్రశ్నల్లో విషయం బయటపడుతుంది, ఆ తర్వాత నువ్వు నిజంగా నేర్చుకున్న సీ ప్రోగ్రామింగ్ గురించి ఎంత బాగా చెప్పినా నాకు నమ్మకం కుదరదు. అందుకే దాన్ని రెజ్యూమేలోంచి తీసెయ్. మార్కుల మెమోలో ఎలాగూ ఉంటుంది, ఎవరైనా దాన్ని చూసి అడిగితే "అది ఆన్‌లైన్ ట్రైనింగ్ అండీ, వీడియోలు చూశాను, పని చేయలేదు, ఈ వేసవిలో మాత్రం ఈ పని చేశాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. అలా చెప్పినవాళ్లని ఆ కారణంగా నేనెప్పుడూ తీసెయ్యలేదు.

నాకెందుకు ఇంత పట్టింపో చెప్తాను. 2011లో ఫైనలియర్‌లో మేం నలుగురం కలిసి డబ్బులేసుకుని ప్రాజెక్టు కొన్నాం, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. డాక్యుమెంటు, కోడు, సీడీ అన్నీ ఇచ్చారు. నేను వెళ్లిన మొదటి ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ డాక్యుమెంటు తిరగేసి, పేషెంట్ టేబుల్ ఉన్న పేజీ దగ్గర ఆగి, "ఫోన్ నంబర్‌ని ఇక్కడ నంబర్‌గా ఎందుకు పెట్టావమ్మా, మీ ఊరి ల్యాండ్‌లైన్ నంబర్ సున్నాతో మొదలవుతుంది కదా, అది ఎక్కించి మళ్లీ చూస్తే ఏం కనిపిస్తుంది?" అన్నారు. సున్నా పోతుంది. ఫోన్ నంబర్లతో మనం కూడికలు చేయం కాబట్టి దాన్ని అక్షరాల్లాగే దాచుకోవాలి. ఇంత చిన్న విషయం. ఒక్క రోజు నా చేతులతో ఆ టేబుల్లో నలుగురి నంబర్లు ఎక్కించి ఉంటే నాకే కనబడేది. ఆ ప్రాజెక్టుని నేను తెరిచింది రికార్డు ప్రింటు తీయడానికే. ఆయన కోప్పడలేదు, థాంక్యూ అమ్మా అన్నారు, ఏడెనిమిది నిమిషాల్లో బయటికొచ్చేశాను, బస్సులో ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు దీనికి ఎదురు కథ. మూడేళ్ల కింద ఒక అబ్బాయిని ఇంటర్వ్యూ చేశాను, పల్లెటూరి నుంచి వచ్చాడు, ఇంటర్న్‌షిప్ లేదు, ఇంగ్లీషు ఆగి ఆగి మాట్లాడుతున్నాడు. వాళ్ల మేనమామకి పాల కేంద్రం ఉందట, ఉదయం సాయంత్రం రైతులు పాలు పోస్తే వెన్న శాతం చూసి రేటు కట్టి చీటీ ఇస్తారు, పది రోజులకోసారి బిల్లు. ఆ లెక్కకి ఇతను చిన్న ప్రోగ్రామ్ రాశాడు. మొదటి బిల్లులోనే గొడవ, రైతు దగ్గరున్న 20 చీటీలు కలిపితే వచ్చిన మొత్తం, కంప్యూటర్ చూపించిన మొత్తం ఒకటి కాలేదు, రూపాయి లోపు తేడా. రూపాయే కదా అని రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఇతను రెండు రాత్రులు కూర్చుని పట్టుకున్నాడు. చీటీ మీద పూట పూటకీ పైసల్ని సరిచేసి వేస్తున్నారు, ప్రోగ్రామ్ మాత్రం పది రోజులవీ కలిపి చివర్లో ఒక్కసారి సరిచేస్తోంది. చీటీ రైతు చేతిలో ఉంటుంది కాబట్టి దాని మీదున్న అంకెదే చివరి మాట అని మేనమామతో అనుకుని, డబ్బుని దశాంశాల్లో కాకుండా పైసల లెక్కన పూర్ణ సంఖ్యగా దాచుకునేలా మార్చాడు. ఇది చెప్తున్నంతసేపూ అతను ఇంగ్లీషు సంగతే మర్చిపోయాడు, మధ్యలో రెండు మూడు తెలుగు మాటలు కూడా వచ్చాయి, నేను ఆపలేదు. ఆ రోజు మేం తీసుకున్న ముగ్గురిలో అతను ఒకడు.

నీకు ఎరువుల కొట్టు ఉంది. దాని విలువ నీకింకా తెలియడం లేదు.

మీ నాన్నగారి ఖాతా పుస్తకం తెరిచి చూడు. రైతులు అప్పు మీద ఎరువు కట్టలు తీసుకెళ్తారు, పంట అమ్మాక తీరుస్తారు, మధ్యలో కొంత కడతారు, వడ్డీ నూటికి ఇంత అని మాటుంటుంది. దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టగానే డేటాబేస్ సబ్జెక్టు మొత్తం నీ ముందుకొస్తుంది. మీ ఊళ్లో వెంకటేశ్వర్లు ఎంతమంది ఉన్నారో చూడు. నాన్నగారు "బావి దగ్గర వెంకటేశ్వర్లు", "చిన్న వెంకటేశ్వర్లు" అని గుర్తుపెట్టుకుంటారు, కంప్యూటర్‌కి అది కుదరదు. పేరుతో గుర్తిస్తే ఒకరి అప్పు ఇంకొకరి మీద పడుతుంది, ఫోన్ నంబర్‌తో గుర్తిద్దామంటే ఒకే ఫోను తండ్రీ కొడుకులు వాడతారు, నంబర్లు మారతాయి, కాబట్టి ప్రతి రైతుకీ మనమే ఒక సంఖ్య ఇవ్వాలి. ప్రైమరీ కీ అంటే ఏమిటి అని రేపు ఎవరైనా అడిగితే పుస్తకంలో నిర్వచనం చెప్పి ఊరుకోకుండా ఈ వెంకటేశ్వర్ల సంగతి చెప్పు. తర్వాత వడ్డీ. నెలల లెక్కా, రోజుల లెక్కా? మధ్యలో 5,000 కడితే అది ముందు వడ్డీకి పోతుందా అసలుకి పోతుందా? నాన్నగారిని అడుగు, రాసుకో, ఆయన చేత్తో వేసిన పది ఖాతాల లెక్కతో నీ ప్రోగ్రామ్ లెక్క సరిపోతుందో లేదో చూడు. పైథాన్, ఒక చిన్న డేటాబేస్ చాలు, బొమ్మలు రంగులు అవసరం లేదు. కోడ్ గిట్‌హబ్‌లో (రాసిన కోడ్‌ని పదిమందికీ కనిపించేలా పెట్టుకునే వెబ్‌సైట్) పెట్టు, కానీ రైతుల అసలు పేర్లు, బాకీలు ఎట్టి పరిస్థితుల్లోనూ అందులో పెట్టకు, దొంగ పేర్లు వాడు. ఎందుకు అలా చేశావని అడిగితే అది కూడా మంచి సమాధానమే.

ఇది ఇంటర్న్‌షిప్ కిందికి వస్తుందా అంటావు. రెజ్యూమేలో దాన్ని ఇంటర్న్‌షిప్ అని రాయకు, "ప్రాజెక్టు, మా ఎరువుల దుకాణం కోసం" అని రాయి. కాలేజీకి కావాల్సిన ఇంటర్న్‌షిప్ వేరేగా వెతకాలి, రెండూ పక్కపక్కనే నడిపించు.

ఎక్కడ వెతకాలి. ఇంటర్న్‌శాల, ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) వాళ్ల ఇంటర్న్‌షిప్ పోర్టల్, లింక్డిన్ అందరికీ తెలిసినవే. అక్కడ చాలామంది చేసే తప్పు ఒకే రెజ్యూమేని వంద చోట్లకి నొక్కి పంపడం. దానికన్నా రోజుకి రెండే పంపు, ప్రకటన పూర్తిగా చదివి పంపు. చిన్న కంపెనీలకైతే నేరుగా మెయిల్ రాయి. విజయవాడలో, గుంటూరులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, స్కూళ్లకి యాప్‌లు చేసేవాళ్లు, ఐదారుగురితో నడిచే ఆఫీసులు ఉంటాయి, పెద్ద కంపెనీల మీదే కన్నుండటం వల్ల పిల్లలు వీళ్ల తలుపు తట్టరు. హైదరాబాద్‌లో టీ-హబ్ లాంటి చోట్ల ఉండే స్టార్టప్‌ల వివరాలు వాళ్ల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. మెయిల్ ఇంగ్లీషులో ఎనిమిది వరసలు మించకూడదు. నేను ఫలానా, మీ ఫలానా యాప్ రెండు రోజులు వాడి చూశాను, అందులో ఇది బాగుంది, ఇక్కడ ఇలా నొక్కితే ఇలా ఆగిపోతోంది, నేను ఈ ఎరువుల కొట్టు పని చేశాను, కోడ్ ఇక్కడుంది, ఈ రెండు నెలల్లో వచ్చి పని చేయగలను, టెస్టింగ్ అయినా సరే. అంతే. "రెస్పెక్టెడ్ సర్, యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్" అంటూ మొదలయ్యే మెయిల్ నాకు వారానికి ఎన్నో వస్తాయి, యాప్ వాడి చూసి తప్పు పట్టుకుని రాసినవి ఏడాదికి రెండో మూడో వస్తాయి, వాటికి తప్పకుండా జవాబిస్తాను. ముప్పై మెయిళ్లు పంపితే ఇద్దరు ముగ్గురు పలికినా చాలనుకో, పలకనివాళ్లకి వారం తర్వాత ఒకసారి గుర్తు చెయ్, మళ్లీ చేయకు.

నువ్వు ఈసీఈ కాబట్టి ఇంకో దారి ఉంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థలు విద్యార్థులని ట్రైనింగ్‌కో ప్రాజెక్టుకో తీసుకుంటుంటాయి. కాలేజీ నుంచి లెటర్ కావాలి, నెలల ముందే అడగాలి, కొన్నిచోట్ల ఫీజు కూడా ఉంటుంది. అక్కడ చేసే పని కన్నా చూసేది ఎక్కువ, కానీ చూసిన దాన్ని రోజూ రాత్రి ఒక పేజీ రాసుకుంటే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి బోలెడంత ఉంటుంది. పరిశోధన వైపు మనసుంటే సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్ ఉంది, దానికి ముందు ఏడాది చలికాలంలోనే దరఖాస్తు చేయాలి కాబట్టి ఈ ఏడాదికి కుదరదు, మీ జూనియర్లకి చెప్పు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి కూడా అడిగావు, 2024లో మొదలుపెట్టినప్పుడు ఫుల్ టైమ్ చదువుకుంటున్నవాళ్లని అందులోకి తీసుకోలేదు, ఇప్పటి నిబంధనలు దాని పోర్టల్లో చూసుకుని అప్పుడు ఆలోచించు. డిగ్రీ చేతికొచ్చాక నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఏడాది అప్రెంటిస్‌షిప్ మంచి దారి, స్టైపెండ్ వస్తుంది, నిజమైన పని దొరుకుతుంది, దాన్ని మనవాళ్లు ఎందుకో పట్టించుకోరు.

డబ్బు విషయం గట్టిగా చెప్తున్నాను. పని ఇస్తామని నీ దగ్గర డబ్బు అడిగేవాడి దగ్గరికి వెళ్లకు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ఆఫర్ లెటర్ ప్రాసెసింగ్, పేరేదైనా సరే. బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామని లక్షలు అడిగే కన్సల్టెన్సీల దగ్గర పొలం తాకట్టు పెట్టి కట్టినవాళ్లని నేను చూశాను, ఆర్నెల్లు జీతం వచ్చింది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొంగ అనుభవం బయటపడి ఉద్యోగం పోయింది. ఆన్‌లైన్లో ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలి రావద్దు, బాండ్ మీద సంతకం పెట్టే ముందు ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న రెండు వాక్యాలు నాన్నగారికి చదివి వినిపించు.

ఇక ఇంటర్వ్యూ. దానికి ముందు పరీక్ష ఉంటుంది, క్యాంపస్‌కి వచ్చే సర్వీస్ కంపెనీల్లో, టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి వాటిల్లో ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. శాతాలు, కాలం-పని, రైళ్ల లెక్కలు, రీజనింగ్, కొంచెం ఇంగ్లీషు, కోడింగ్. తెలివికన్నా వేగం ముఖ్యం, రోజూ 40 నిమిషాలు గడియారం పెట్టుకుని చెయ్, దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు. మార్కులు 60 శాతం పైన, బ్యాక్‌లాగ్‌లు లేకుండా ఉండాలని చాలా కంపెనీలు అడుగుతాయి కాబట్టి ఏదైనా సబ్జెక్టు మిగిలుంటే మిగతావన్నీ ఆపి అది ముందు తీర్చుకో.

రెజ్యూమే ఒక పేజీ. నాన్నగారి పేరు, మతం, పాటలు వినడం హాబీ, కింద డిక్లరేషన్, ఇవేవీ వద్దు. నీకు వచ్చినవే రాయి. పైథాన్ అని రాస్తే లిస్టుకి టపుల్‌కి తేడా అడుగుతాను, అందరూ చెప్తారు, "నీ ప్రోగ్రామ్‌లో టపుల్ ఎక్కడ వాడావు" అని అడిగితే గది నిశ్శబ్దం అయిపోతుంది. జావా, సీ ప్లస్ ప్లస్, హెచ్‌టీఎమ్ఎల్, ఏడబ్ల్యూఎస్ అని వరసగా ఎనిమిది రాసినవాళ్లకన్నా సీ, పైథాన్, ఎస్‌క్యూఎల్ అని మూడే రాసి మూడింటికీ నిలబడినవాళ్లు నాకు ఇష్టం.

ప్రశ్న అడగగానే తెలిసిన జవాబు అప్పజెప్పకు, పైకి ఆలోచించు. ఒక ఉదాహరణ చెప్తాను. ఉద్యోగుల టేబుల్లో రెండో పెద్ద జీతం తీయమని నేను తరచూ అడుగుతాను. చాలామంది జీతాలని పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసలో పెట్టి రెండోది తీసుకుంటానంటారు. సరే, 90 వేలు ఇద్దరికి ఉంటే? రెండో వరసలో కూడా 90 వేలే వస్తుంది. అక్కడ కొందరు బిగుసుకుపోతారు. ఒకమ్మాయి కాగితం తీసుకుని 90, 90, 70, 50 అని నాలుగు అంకెలు వేసి, వేలు పెట్టి చూసి, "ఇక్కడ తప్పొస్తోంది మేడమ్, ఒకే జీతాలని ముందు ఒకటిగా చేయాలి" అంది, డిస్టింక్ట్ అనే మాట ఆ క్షణంలో గుర్తు రాలేదు, మాట నేనే అందించాను. మార్కులన్నీ ఆ నాలుగు అంకెలకే. నీ చేతిలో కాగితం, పెన్ను ఉంచుకో, అంకెలు వేసి చూడు. తెలియకపోతే తెలియదని చెప్పు, చెప్పి "ఇలా అయ్యుంటుందనుకుంటున్నాను, ఎందుకంటే" అని ఒక అడుగు వెయ్యి.

ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్ ఎందుకు అని తప్పకుండా అడుగుతారు. జీతం కోసమే అని చెప్పాల్సిన పని లేదు, చిన్నప్పటి నుంచీ కంప్యూటరంటే ఇష్టం అని అబద్ధమూ వద్దు. కొట్టు ఖాతాల పని చేస్తుంటే ఇది నచ్చింది, అది నిజం. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ లాంటి ఒకటి రెండు సబ్జెక్టులు మాత్రం బాగా చూసుకో, నాలుగేళ్లు చదివినదాంట్లో ఫ్లిప్-ఫ్లాప్ అంటే ఏమిటో చెప్పలేకపోతే కొత్తది ఎలా నేర్చుకుంటాడని అనుమానం వస్తుంది.

ఇంగ్లీషు. దీనికి నీ భయం పెద్దది, పని చిన్నది. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" కి ఆరు వాక్యాలు రాసుకో, నువ్వు మామూలుగా పలకగలిగే మాటలతోనే. ఊరు, చదువు, కొట్టు పని, అందులో పట్టుకున్న ఒక తప్పు, ఇప్పుడు నేర్చుకుంటున్నది, వెతుకుతున్న ఉద్యోగం. ఫోన్‌లో రికార్డు చేసి విను. మొదటిసారి నీ గొంతు నీకే నచ్చదు, పదోసారికి ఎక్కడ ఆగుతున్నావో తెలుస్తుంది. అలాగే ఆ ఎరువుల కొట్టు కథని రోజూ ఒకసారి ఇంగ్లీషులో ఎవరికైనా చెప్పు, ప్రతిసారీ వేరే మాటలతో చెప్పు, బట్టీ పట్టకు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమను, అది మర్యాద తక్కువ కాదు. తెలుగులో ఆలోచించుకోవడానికి ఐదు సెకన్లు ఆగినా నీ మార్కులు ఎవరూ తగ్గించరు, నేను అయితే తగ్గించను. హాస్టల్లో ముగ్గురు కూడి, ఒకరు అడిగేవాళ్లు, ఒకరు చెప్పేవాళ్లు, ఒకరు పక్కన కూర్చుని రాసుకునేవాళ్లుగా అరగంట చొప్పున మారండి. రాసుకునేవాడే ఎక్కువ నేర్చుకుంటాడు, చెయ్యి తొడ మీద కొట్టుకుంటున్నావు, ప్రతి మాటకీ బేసికల్లీ అంటున్నావు అని వాడే చెప్పగలడు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో చూసుకుని, ఇంకో ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకో. చాట్‌జీపీటీతో ముందు రోజు దాకా ఎన్ని మాక్ ఇంటర్వ్యూలైనా చెయ్, మంచిదే. ఇంటర్వ్యూ జరుగుతుండగా మాత్రం పక్క స్క్రీన్లో పెట్టుకోకు. కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం మాకు కనిపిస్తుంది, అప్పటిదాకా ఆగి ఆగి మాట్లాడినవాళ్ల నోట్లోంచి ఒక్కసారిగా పుస్తకం భాష వస్తే వినగానే తెలుస్తుంది.

ఈ రాత్రి నాన్నగారితో కూర్చుని ఖాతా పుస్తకంలో ఐదుగురివి చూడు, ఎప్పుడు ఏం తీసుకున్నారు, ఎంత కట్టారు, వడ్డీ ఎలా వేశారు అన్నది పేర్లు మార్చి ఒక కాగితం మీద రాయి. దాన్నీ, నీ రెజ్యూమేనీ ఫోన్ నంబర్, అడ్రసు చెరిపేసి ఇక్కడే కింద పెట్టు. ఆదివారం పొద్దున నాకు ఖాళీ ఉంటుంది, ముందు టేబుళ్లు ఎలా విడగొట్టాలో చూద్దాం, ఆ తర్వాత మెయిల్ డ్రాఫ్టు దిద్దుతాను.